ఫ్యాన్ల గొడవలో తోలుబొమ్మలు: రామగిరి కొండల కింద ఒక ఊరి కేస్ స్టడీ

పాత అనంతపురం జిల్లాలోని రామగిరి, చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల కొండలకు గాలి కరెంటు కొత్త కాదు. రామగిరి దగ్గర 1990ల్లోనే గాలిమరలు, ఊళ్ళవాళ్ళ మాటలో ఫ్యాన్లు, తిరగడం మొదలైంది. అప్పట్లో అవి చిన్నవి, ఒక్కోటి కొన్ని వందల కిలోవాట్లు. ఇప్పుడు పెడుతున్నవి రెండు మూడు మెగావాట్లవి. ఒక్క రెక్కే దాదాపు 60 మీటర్ల పొడుగుంటుంది. అంత రెక్కను కొండెక్కించాలంటే ట్రెయిలర్ మలుపు తిరిగేంత వెడల్పు రోడ్డు తొలవాలి, క్రేన్ నిలబడటానికి నేల చదును చెయ్యాలి. ఈ కేసులో, కొండ మీద కొత్త ఫ్యాన్లు పెడతామన్న కంపెనీకి, కింది ఊరికి మధ్య గొడవంతా ఆ రోడ్డు గురించే. ఫ్యాను మీద ఊరికి పెద్ద కోపమేమీ లేదు. ఆ సంగతి తేలడానికే మా పనిలో సగం కాలం గడిచిపోయింది.

నేను చేసేది మధ్యవర్తి పని. బొమ్మలు గీయడం నాకు రాదు, పాడటం అసలే రాదు. అవి వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని పంచాయితీలకు వెళ్తుంటాను. ఊరి పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. రెండు పక్షాలూ ఇంకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బతకాల్సినవాళ్ళే.

ఊరి భయం ఊరికే పుట్టలేదు. ఆ చుట్టుపక్కలే నల్లకొండ ప్రాజెక్టు ఉంది: 50.4 మెగావాట్లు, ఒక్కోటి 800 కిలోవాట్ల చొప్పున 63 ఫ్యాన్లు. అవి లేచిన కొండల్లో చాలాభాగం కల్పవల్లి. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో కొన్ని ఊళ్ళవాళ్ళు 1990ల మొదటి నుంచి నిప్పు పడకుండా, గొడ్డలి పడకుండా కాపాడుకుంటూ వచ్చిన అడవి అది. బోద గడ్డి, ఈత చెట్లు, వాటితో చీపుర్లు, బుట్టలు, కింద చెరువులకు నీళ్ళు, అన్నీ దాని మీదే. రెవెన్యూ రికార్డులో మాత్రం బంజరు. కొండలు తొలిచి రోడ్లు వేశారని, మట్టి దొర్లి వంకలు పూడాయని, మేత పోయిందని 2013లో విషయం నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఏయే ప్రాజెక్టులకు ముందుగా పర్యావరణ ప్రభావం అంచనా వేయాలో చెప్పే 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ జాబితాలో గాలి కరెంటు లేదు. గనికైతే ఊళ్ళో షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఫ్యానుకు ఆ తంతు కూడా అక్కర్లేదు. కంపెనీకి, ఊరికి మధ్య ముఖాముఖి మాట జరిగే చోటు చట్టంలోనే లేనప్పుడు ఆ మాట బ్రోకరు నోట్లోంచి వస్తుంది, లేదంటే జేసీబీకి అడ్డం పడుకోవడంలోంచి వస్తుంది. మేం వెళ్ళేసరికి ఇక్కడ రెండూ జరిగిపోయాయి.

ఎవరెవరు ఉన్నారో చెప్పాలి. కొండ మీద గొర్రెలు మేపుకునే కురుబ కుటుంబాలు. కొండ కింద చెరువు ఆయకట్టులో వేరుసెనగ, కాస్త వరి పెట్టుకునే రైతులు. గడ్డి కోసుకొచ్చి, ఈతాకు అల్లి నాలుగు డబ్బులు చూసుకునే ఆడవాళ్ళు, వీళ్ళలో ఎక్కువమంది పక్క కాలనీవాళ్ళు. అప్పటికే భూమి ఇచ్చి అడ్వాన్సు తీసుకున్నవాళ్ళు. కంపెనీలో వాచ్‌మన్ ఉద్యోగమో, ట్రాక్టరు బాడుగో దొరుకుతుందని చూస్తున్న కుర్రాళ్ళు. పేపర్లో మాత్రం "గ్రామస్తులు అడ్డుకున్నారు" అని ఒక్క ముక్కలో వచ్చింది. అట్లాంటి "గ్రామస్తులు" అనే మనిషి ఆ ఊళ్ళో నాకెక్కడా కనిపించలేదు.

డబ్బు సంగతి ముందే తేల్చుకున్నాం. మా ఖర్చు ఒక స్వచ్ఛంద సంస్థ నిధి నుంచి వచ్చింది. కంపెనీని అడిగింది మూడే: వాళ్ళ మ్యాపులు, వాళ్ళ సైట్ ఇంజినీరు టైము, మా పని నడిచినన్నాళ్ళు జేసీబీలు ఆగి ఉంటాయన్న మాట. మూడోది రాయించుకోవడమే కష్టమైంది. ఈలోగా వాళ్ళ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగం నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది: బడి గోడ మీద నవ్వే సూర్యుడు, తిరిగే ఫ్యాను, చేతులు పట్టుకున్న పిల్లలు. మా చిత్రకారుడు మర్యాదగానే వద్దన్నాడు. గోడ మీద రంగు పడిందంటే ఒప్పందం అయిపోయిందని బయటివాళ్ళు అనుకుంటారు. కళను ఇట్లా సున్నం లాగా వాడటం ఈ రంగంలో చాలా ఎక్కువ. నన్నడిగితే, దానికన్నా ఏ బొమ్మా లేకపోవడమే మేలు.

మొదటి పని ముగ్గు. బడి మైదానంలో ఊరి పటం వేయమన్నాం, అదీ అందరినీ కలిపి కాదు, మూడు గుంపులుగా. ఆడవాళ్ళు ముగ్గుపిండితో చెరువు వేసి, దాంట్లోకి దిగే వంకలు ఒక్కొక్కటి గీసి, గడ్డి ఉన్నచోట పసుపు చల్లారు. కుర్రాళ్ళ పటంలో అన్నిటికన్నా పెద్దగా ఉన్నది పెనుకొండ వైపు వెళ్ళే తార్రోడ్డు, ఆ తర్వాత కంపెనీ గేటు. కొండ పటం అంచున ఒక గీతగా మిగిలింది. గొర్రెల కాపరులు చాలాసేపు పక్కన నిలబడే ఉన్నారు. ముగ్గు ఆడవాళ్ళ పని, పిండి ముట్టుకోవడానికి వాళ్ళకు మొహమాటం. ఇటుకపొడి తెచ్చి పెట్టినా చెయ్యి పెట్టలేదు. చివరికి ఒక పెద్దాయన చేతికర్రతోనే మట్టిలో గీయడం మొదలుపెట్టాడు. వానాకాలం దారి, ఎండాకాలం దారి, ఈనిన గొర్రెలను నిలిపే చోటు, కొండ నెత్తిన కురుబల దేవుడు బీరప్ప కట్ట. గీత పూర్తయ్యేసరికి మిగతావాళ్ళు కూడా కర్రలు దించారు.

మరుసటి రోజు ఆ మూడు పటాలనూ ఒకే పటంగా మళ్ళీ వేయించి, దాని మీద కంపెనీ ప్లాను పెట్టమని ఇంజినీరును అడిగాం. ఫ్యానుకో రాయి, రోడ్డుకు తెల్ల తాడు. అతను ల్యాప్‌టాప్ పట్టుకుని వంగి తాడు పరుస్తుంటే పెద్దాయన కర్ర అడ్డం పెట్టాడు.

"సారూ, మీ తాడు ఈడ వంకను తొక్కుతాంది."

"అక్కడ వంక లేదు పెద్దాయనా, మ్యాపులో చూడండి."

"మ్యాపు తీసింది ఎండల్లో గదా. కార్తెలో వచ్చి సూడు, మోకాలి మట్టం పారతాది."

అక్కడున్న ఆడవాళ్ళ పటంలోనూ ఆ వంక ఉంది. ముందురోజు వేసిందే, ఎవరూ చెప్పించింది కాదు. ఇంజినీరు అబద్ధం చెప్పలేదు. అతని ఉపగ్రహ చిత్రంలో అది ఎండిన రాళ్ళ గాడి. కానీ రోడ్డు మట్టి అందులోకి దొర్లితే చెరువులోకి వచ్చే ముఖ్యమైన ధార మూసుకుపోతుంది. ఆయకట్టు రైతులు అప్పటిదాకా ఈ గొడవ గొర్రెలవాళ్ళదే అనుకుంటూ దూరంగా ఉన్నారు. ఆ మధ్యాహ్నం వాళ్ళు తాడు దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

పటం వేయించడం ఈ దేశంలో కొత్త విద్యేమీ కాదు. 1980ల చివరి నుంచి స్వచ్ఛంద సంస్థలు ఊరూరా చేయిస్తూనే ఉన్నాయి. అయితే చాలాచోట్ల పటం చార్టు మీదికి ఎక్కుతుంది, ఫొటో అవుతుంది, రిపోర్టులో అట్టలాగా మిగులుతుంది. ఇక్కడ అది పనికొచ్చిందంటే ఒకటే కారణం. తాడు ఇంకా కదిలేలా ఉంది. కొండ మీద ఆ ముక్కలో రోడ్డు ఇంకా పడలేదు.

ఈ మాట నాకు ముందు నేర్పింది డెన్మార్క్‌లోని మిడెల్‌గ్రుండెన్. కోపెన్‌హాగెన్ రేవుకు ఎదురుగా, సముద్రంలో తక్కువ లోతున్న చోట గాలిమరలు పెడదామన్నప్పుడు మొదటి ప్లాను మూడు వరసల్లో 27. నగరం ముందు అట్లా గుంపుగా నిలబడితే ఎట్లా ఉంటుందో చిత్రాల్లో చూపించారు, 1997లో జనం అభిప్రాయాలు తీసుకున్నారు, అభ్యంతరాలు గట్టిగానే వచ్చాయి. చివరికి కట్టింది ఒకే వంపులో 20, ఆ వంపు పొడవు 3.4 కిలోమీటర్లు. ఒక్కోటి 2 మెగావాట్లు, 2000 సంవత్సరం చివరికి పూర్తయింది. శబ్దం మీద అనుమానం ఉన్నవాళ్ళను నడుస్తున్న టర్బైను దగ్గరికి తీసుకెళ్ళి చెవులతోనే వినమన్నారు. బొమ్మ చూసి మనసు మార్చుకున్నది జనం కాదు, ప్లాను మారింది.

అక్కడ ఇంకోటి కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి డెన్మార్క్ కథ చెప్పడం అన్యాయం. ఆ ప్రాజెక్టులో సగం సుమారు 8,500 మంది సభ్యులున్న సహకార సంఘానిది, సగం నగర విద్యుత్ సంస్థది. 2009లో వచ్చిన చట్టమైతే కొత్త ప్రాజెక్టుల్లో కనీసం 20 శాతం వాటాలను ముందుగా 4.5 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ళకు ఇవ్వజూపాలంది. 2020లో దాన్ని తీసేశారు. మన కొండల మీద ఫ్యాను ఎంత తిరిగినా కింది ఊరికి యూనిట్ మీద పైసా రాదు. ఆ లోటు ముగ్గుపిండితో పూడదు.

శబ్దం కోసం మేమూ అదే పని చేశాం. కొందరిని గాలి బాగా వీచే ఆషాఢంలో ఒక పాత ఫ్యాన్ల వరస కింద రాత్రి నిద్ర చేయించాం. ఎత్తు చూపడానికి తెల్లవారుజామున, గాలి లేవకముందు, 120 మీటర్ల తాడుకు పెద్ద ఎర్ర బెలూను కట్టి వదిలాం. గాలి కరెంటుకు అనువైన కొండ కాబట్టే బెలూను గంటసేపు కూడా నిలువుగా నిలబడలేదు. పిల్లలకు అది పండగ. పెద్దలు చూసి, "ఇంతేనా" అన్నవాళ్ళు ఇంతేనా అన్నారు, "అమ్మో" అన్నవాళ్ళు అమ్మో అన్నారు. దాంతో పెద్దగా తేలింది లేదు.

తేల్చింది బొమ్మలాట.

అక్కడికి దూరం కాదు నిమ్మలకుంట, ధర్మవరం మండలంలో. తోలుబొమ్మల ఊరుగా దానికి పేరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో రామాయణమో భారతమో నడుస్తున్నా మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి ఊరి సంగతులు ఎత్తుకుంటారు. కరువు, అప్పు, సర్పంచి, ఎవరి కోడలు ఏమంది, అన్నీ వాళ్ళ నోట్లో పడాల్సిందే. కాబట్టి ఫ్యాన్ల గొడవకు వేరే నాటకం రాయించలేదు. పురాణం పురాణంలాగే నడిపించి, హాస్యం ముక్కల్లో మన పంచాయితీ పెడదామని ఆ కళాకారుల కుటుంబంతో అనుకున్నాం. వాళ్ళు పెట్టిన షరతు మంచిది: "ఎవురికీ తీర్పు చెప్పం. మేము మళ్ళా ఈ ఊర్లకే ఆట కట్టుకోను రావల్ల గదా."

కొత్తగా చేసినవి కొద్ది బొమ్మలే. పసుపు జేసీబీ ఒకటి, హెల్మెట్ పెట్టుకున్న ఇంజినీరు, ఒక ఫ్యాను. ఫ్యాను మూడు రెక్కలనూ మేకతోలుతో కోసి, నడుమ మేకుతో వెదురు బద్దకు బిగించారు. బద్ద వెనక నుంచి దారం లాగితే గిర్రున తిరుగుతుంది. కేతిగాడు బ్రోకరు. గుడి ముందు తెర కట్టిన రాత్రి, హనుమంతుడు సంజీవని కోసం కొండ పెకలించే ఘట్టం దగ్గర కేతిగాడు దిగాడు.

"బంగారక్కా, నీ కొండకు గాలి ఊరికే వస్తాంది. నాకియ్యి, అమ్మి పెడతా."

"గాలి తీస్కపోరా, ఎవురొద్దన్న్యారు. కొండ ఈడ పెట్టి పో."

జనం ఈలలు వేశారు. సభల్లో అంతకుముందు ఎన్నిసార్లు మాట్లాడినా రాని మాట అది. ఊరి కోరిక ఏమిటో ఆ ఒక్క ముక్కలో ఉంది. కంపెనీ మేనేజరు ముందు వరసలో కుర్చీలో కూర్చుని నవ్వాడు, పక్కనున్న ఇంజినీరు నవ్వలేదు.

తర్వాత ఫ్యాను బొమ్మ తిప్పారు. దీపం ముందు తోలు రెక్కలు తిరుగుతుంటే తెర మీద నీడ ఒకటి తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోతోంది. వెనక చాప మీద కూర్చున్న ఒకామె, ఒళ్ళో పిల్లవాడు, గట్టిగానే అంది: "మా ఇంట్లో పొద్దున్నే ఇంతే. గోడ మీద ఇట్లే కొడతాది. వీడు బువ్వ గూడా తినడు."

ఆమెది ఊరి చివర, పాత ఫ్యానుకు పడమటి పక్కన ఉన్న ఇల్లు. నీడ సమస్య లేదని కంపెనీ కాగితాల్లో ఉంది. మార్గదర్శకాల లెక్కన తప్పేమీ జరగలేదు కూడా. కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ 2016లో ఇంటికీ ఫ్యానుకూ మధ్య 500 మీటర్లు ఉండాలంది, అదీ శబ్దం దృష్టితో. పొద్దు కిందికి ఉన్నప్పుడు నీడ అంతకన్నా దూరం పోతుంది. ఫ్యాను నిమిషానికి 15 చుట్లు తిరిగితే మూడు రెక్కలకు 45 సార్లు గదిలో వెలుగు ఆరి వెలుగుతుంది. జర్మనీలో ఒక ఇంటి మీద ఇది ఏడాదికి 30 గంటలు, రోజుకు 30 నిమిషాలు దాటకూడదని చూస్తారు. ఇన్నాళ్ళూ ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఎందుకంటే దానికి ఫిర్యాదు అంటూ ఒక పేరు ఉంటుందని తెలియదు. మర్నాడు పొద్దున్నే ఇంజినీరు తనంతట తాను ఆ ఇంటికి వెళ్ళి గోడ ముందు కూర్చున్నాడు. నేను ఈ వృత్తిలో చూసిన మంచి దృశ్యాల్లో అదొకటి.

ఆట చివర్లో కథ ఆపేయించాం. జేసీబీ కొండ దగ్గరికి వచ్చింది, బంగారక్క అడ్డం నిలబడింది, అక్కడ దీపం తగ్గించి, ఇప్పుడేం చెయ్యల్ల అని కేతిగాడు జనాన్నే అడిగాడు. ఫోరం థియేటర్ చేసేవాళ్ళు వాడే పద్ధతే ఇది. ఎవరైనా లేచి బొమ్మ చేతిలోకి తీసుకోవచ్చన్నాం. ఒక కుర్రాడు జేసీబీ బొమ్మ తీసుకుని, "నాకు ఈఎంఐ ఉంది, బండి నిలబెడితే ఎవరు కడతారు" అన్నాడు. తెర వెనక నుంచి కాబట్టి అన్నాడు. అతను సొంతంగా జేసీబీ కొన్నవాడని ఊళ్ళో అందరికీ తెలుసు. గొర్రెలవాళ్ళతో మాటలు పోయినవాడు కూడా. అతనికి బదులు బంగారక్క బొమ్మ పట్టుకుని చెప్పింది కురుబల ఇంటి కోడలే: "పని చేస్కో నాయనా, పాత బండిబాట మీద చేస్కో."

ఆ పాత బండిబాట పెద్దాయన కర్రతో గీసిన పటంలో ఉంది. రోడ్డు దాని వెంబడే పోతే మలుపు ఎక్కువ, ఖర్చూ ఎక్కువ, కానీ ఆ వంక బతుకుతుంది. అసలు చర్చ అక్కడి నుంచి మొదలైంది.

చర్చకు ఎవరు కూర్చోవాలన్నది మళ్ళీ ఒక పేచీ. ఇక్కడ నాకు దారి చూపింది 2001లో మెదక్ జిల్లాలో జరిగిన ప్రజాతీర్పు. రాష్ట్ర వ్యవసాయం ఎటు పోవాలన్న దాని మీద మూడు భవిష్యత్తులను వీడియోలుగా చూపించి, చిన్న సన్నకారు రైతులనే జ్యూరీగా కూర్చోబెట్టారు. జ్యూరీలో ఎక్కువమంది ఆడవాళ్ళు. అధికారులు, నిపుణులు వాళ్ళ ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పాలి. మేం అంత పెద్దది చేయలేదు. ఆ కొలువు తీరు మాత్రం తీసుకున్నాం. పటం వేసినవాళ్ళలోంచి కొందరు చాప మీద, కంపెనీవాళ్ళు, తహసీల్దారు కార్యాలయం మనిషి వాళ్ళకెదురుగా. ప్రశ్న అడిగేది చాప మీదివాళ్ళు. బొమ్మలను మధ్యలోనే ఉంచాం. మాట వేడెక్కినప్పుడు ఎవరో ఒకరు కేతిగాడిని ఎత్తుకునేవారు, కాస్త టెన్షన్ తగ్గేది.

కాగితం మీదికి వచ్చినవి ఇవి. వంక నెత్తిన ఉన్న ఒక ఫ్యానును పక్కకు జరపడం. రోడ్డు పాత బండిబాట వెంబడే తీయడం. తొలిచిన మట్టి వాలు మీదికి తొయ్యకుండా రాతికట్టు వెనక పోయడం. రోడ్డు కోత నిట్టనిలువుగా ఉన్నచోట్ల గొర్రెలు దిగడానికి వాలు బాటలు వేయడం. గడ్డి కోతకు, మేతకు, బీరప్ప పూజకు గేటు తెరిచి ఉంచడం. కంపెనీ చేతులు మారితే కొత్త యజమానికి కూడా ఇవి వర్తిస్తాయని రాయించడానికి చాలా పట్టుబట్టాల్సి వచ్చింది. ఈ రంగంలో ప్రాజెక్టులు అమ్ముడవడం మామూలే. అమ్మిన రోజున నోటిమాటలన్నీ పాత మేనేజరుతోపాటే వెళ్ళిపోతాయి.

రానివి కూడా రాయాలి. భూమి అడ్వాన్సుల్లో కొన్ని డీకే పట్టా భూములవి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములవి. అసైన్డ్ భూమి ఇష్టమొచ్చినట్టు చేతులు మారకూడదని 1977 చట్టం ఉండగా బ్రోకర్లు తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. దాన్ని ఏ బొమ్మలాటా సరిచేయదు. ఆ ఫైళ్ళు తహసీల్దారు దగ్గరికి పోయాయి. వాటిని మా చర్చలో కలపకుండా వేరుగా ఉంచాలని మేమే గట్టిగా చెప్పాం. కలిపితే "పటం వేశారుగా, ఒప్పుకున్నట్టే" అనే మాట పుడుతుంది. నీడ పడే ఇంటి విషయంలో, పొద్దున ఆ కాసేపు ఫ్యాను ఆపేలా ప్రోగ్రాం పెట్టమని అడిగాం. సాంకేతికంగా అది చేయగల పనే. కరెంటు ఉత్పత్తి పోతుందని కంపెనీ ఒప్పుకోలేదు. ఇంటికి తూర్పున చెట్లు నాటిస్తామన్నారు. చెట్టు ఎదిగేసరికి ఆ పిల్లవాడు బడికి పోతాడు.

ఫ్యాన్లు లేచిపోయాక పిలిచేవాళ్ళూ ఉంటారు. అట్లాంటి పనులు నేను ఒప్పుకోవడం మానేశాను. నార్వేలో ఫోసెన్ చూడండి. స్టోర్‌హైయా, రోవాన్ అనే రెండు విండ్ పార్కుల్లో 151 టర్బైన్లు. అక్కడ రెయిన్‌డీర్లు మేపుకునే సామీ ఆదివాసుల హక్కుకు భంగం కలిగిందని, ఆ అనుమతులు చెల్లవని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. అంత పెద్ద కోర్టు చెప్పినా రెక్కలు ఆగలేదు. కళాకారులు, యువకులు ఓస్లో వీధుల్లో కూర్చున్నారు, చివరికి నష్టపరిహారం, వేరే మేత భూమి లాంటి వాటి మీద ఒప్పందాలు 2023 చివర్లో, 2024 మొదట్లో కుదిరాయి. కాంక్రీటు పడ్డాక మిగిలేది డబ్బు బేరమే. దానికి లాయరు చాలు, ముగ్గు అక్కర్లేదు.

ఊళ్ళో ఇప్పటి పరిస్థితి: రోడ్డు బండిబాట వెంబడే పడింది. మొదటి వానకు రాతికట్టు ఒకచోట జారింది, కంపెనీ మళ్ళీ కట్టించింది, అయితే చాప మీద కూర్చున్నవాళ్ళు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాకే. గొర్రెల బాటల్లో రెండు వాడుకలో ఉన్నాయి, ఒకటి మరీ నున్నగా ఉందని గొర్రెలు దిగడం లేదట. దాని మీద బండరాళ్ళు పరవాలని పెద్దాయన పట్టుబట్టి కూర్చున్నాడు. సబ్‌స్టేషన్‌కు పోయే 33 కేవీ లైను వేరుసెనగ చేలకు అడ్డంగా పడుతుందని ఇప్పుడు ఆయకట్టు రైతులు స్తంభాలు నాటనివ్వడం లేదు. ఆ లైను మా పటంలో లేదు, కంపెనీ మాకిచ్చిన ప్లానులోనూ లేదు. స్తంభాలు ఎక్కడెక్కడ వస్తాయో రాళ్ళు పెట్టి చూపించమని ఊరే కంపెనీకి కబురు పంపింది. మమ్మల్ని పిలవలేదు.